దీదీ తరఫున రాసిన జవాబు

సివిల్స్‌కు చదువుతున్న ఆ రోజుల్లో, ఎవరి మనసులో ఏముందో వాళ్లకంటే నాకే బాగా తెలుసునని నాకో గట్టి నమ్మకం ఉండేది. అప్పటికి నా వయసు ఇరవై మూడు. ఒంగోలు నుంచి ఢిల్లీ వచ్చి ఆరు నెలలైంది. ఆటో అతనికి దారి చెప్పేంత హిందీ కూడా రాదు (చేత్తో ఎడమవైపు చూపిస్తూ నోటితో కుడి అని చెప్పి, ఒకసారి జనక్‌పురి నుంచి జనక్‌పురికే గంటసేపు ప్రయాణం చేశాను). అయినా మెట్రోలో ఎదురుగా కూర్చున్నావిడ ఎందుకు దిగులుగా ఉందో, కూరగాయల బండి భయ్యా పొద్దున్నే ఎవరిమీద అలిగి వచ్చాడో చూడగానే చెప్పేసేదాన్ని. వాళ్లను అడిగి సరిచూసుకునేంత భాష లేదు కనుక నా అంచనాలు ఒక్కటీ తప్పయ్యేవి కావు.

ఈ గుణం చివరికి పరీక్షకు ఎసరు పెట్టింది. మెయిన్స్‌లో నీతి నియమాలకు ఒక పేపరుంటుంది. అందులో సగం కథలే. వాటిని కథలనరు, కేస్ స్టడీలంటారు. అన్నీ ‘మీరు’ అనే మొదలవుతాయి. మీరు ఒక జిల్లాలో అధికారి, మీ కింది ఇంజనీరు వేయించిన రోడ్డు నెలకే గుంటలు పడింది, మీరేం చేస్తారు? మీరు ఒక ఆఫీసులో కొత్తగా చేరారు, మీ పైఅధికారి ఒక కాగితం మీద సంతకం పెట్టమంటున్నారు, మీరేం చేస్తారు? నాకు ఆ ‘మీరు’ ఎప్పుడూ అచ్చిరాలేదు. నా కళ్లు కథలో ఓ మూల నిలబడ్డ మనిషి మీదికే పోయేవి. రోడ్డు కథను కాంట్రాక్టరు భార్య చెబుతున్నట్టు రాశాను. సంతకం కథను ఆ కాగితం మోసుకొచ్చిన అటెండరు చెబుతున్నట్టు రాశాను. అటెండరు చేత ఒక పేరాలో కన్నీళ్లు కూడా పెట్టించాను.

తెలుగు మీడియంలో రాసేవాళ్లం వేళ్లమీద లెక్కపెట్టేంత మందిమి. మాకోసం ఒక సారు రెండో అంతస్తులో చిన్న గది తీసుకుని ప్రతి ఆదివారం పరీక్షలు పెట్టేవారు. ఆయన దిద్దిన పేపరులో మా నీలం అక్షరాలకంటే ఆయన ఎర్ర అక్షరాలే ఎక్కువుండేవి కాబట్టి ఎర్రసిరా సార్ అనేవాళ్లం. మంచి మనిషి. నా పేపరు మీద మొదటిసారి, ‘అమ్మా, మీరు అధికారి. మీకో కుర్చీ ఉంది. దయచేసి అందులో కూర్చుని రాయండి’ అని రాశారు. రెండోసారి, ‘అటెండరు కథ చదివి మనసు బరువెక్కింది. మార్కులు మాత్రం ఇవ్వలేను’ అని రాశారు. నేను మొదటి వాక్యాన్ని మాత్రమే గదిలో అందరికీ చదివి వినిపించాను.

నా గదిలో ఉండే సిద్దిపేట అక్కకు అది మూడో ప్రయత్నం. మనిషి సూటి. పేపరు లాక్కుని రెండో వాక్యం కూడా చదివింది.

“ఏందే ఇది? పరీక్ష రాస్తున్నవా, సీరియల్ రాస్తున్నవా? గా అటెండరేమన్న నీకు నౌకరిస్తడా?”

“పాపం అతని వైపు నుంచి ఎవరూ ఆలోచించరక్కా.”

“నువ్వు ఆలోచిస్తున్నవ్ గద. గందుకే ఆయన బాగనే ఉంటడు, నువ్వే ఫెయిలైతవ్.”

మేముండేది జనక్‌పురిలో ఒక తెలుగు ఆంటీ ఇంటి పై అంతస్తులో. మూడు గదులు, ఆరుగురు ఆడపిల్లలం. భోజనం కింద, ఆంటీవాళ్లతోనే. ఆంటీది కాకినాడ. అంకుల్ ఉద్యోగం వల్ల ఢిల్లీ వచ్చి ముప్పై ఏళ్లు దాటింది. ఆమెకు ఏ లోటూ లేదు గానీ తెలుగు అక్షరానికి మాత్రం మొహం వాచిపోయి ఉండేది. ఫోన్లో చదివితే చదివినట్టుండదనేది. అందుకని ఇంట్లోకి వచ్చిన ప్రతి తెలుగు కాగితాన్నీ చదివేది. మా ఇళ్ల నుంచి వచ్చే పచ్చడి సీసాలకు చుట్టిన పాత పేపర్లను నూనె మరకలతో సహా అరచేత్తో సాపు చేసి చదివేది. అగరొత్తుల పెట్టె వెనకాల రాసింది చదివేది. ఎవరివో తెలియని పెళ్లి శుభలేఖలు రెండుసార్లు చదివి, ముహూర్తం బాగుందనేది. ఒకసారి సీసాకు చుట్టిన కాగితంలో కథ సగంలో ఆగిపోతే, మిగతా సగం కోసం మా అమ్మకు ఫోన్ చేసి ఇంకో సీసా పంపించమంది.

ఇక దీదీ. ఆ ఇంట్లో పదకొండేళ్లుగా వంట చేస్తోంది. ఉత్తరప్రదేశ్ మనిషి, మాటల పొదుపు. ఆంటీ దగ్గర నేర్చుకుని పప్పుచారు, గోంగూర, దోసకాయ కూర మాకంటే బాగా చేసేది. పొద్దున తొమ్మిదికి వచ్చి, రాత్రికి కావలసిన రొట్టెలు కూడా చేసిపెట్టి, సాయంత్రం అయిదింటికి వెళ్లిపోయేది. వెళ్లేటప్పుడు పచ్చరంగు చున్నీలో ఒక స్టీలు డబ్బా చుట్టుకుని చంకలో పెట్టుకునేది. ఆ డబ్బా నన్ను ఊరికే ఉండనిచ్చేది కాదు. అందులో ఏముంటుంది, ఎవరికోసం పట్టుకెళుతుంది అని మేడమీది నుంచి చూస్తూ కథలల్లేదాన్ని. (పొద్దున దీదీ వచ్చేవేళకు నేను కోచింగ్‌లో ఉండేదాన్ని. కాబట్టి నాకు తెలిసిన దీదీ ఎప్పుడూ వెళ్లిపోతున్న దీదీయే. ఈ సంగతి కాస్త గుర్తుపెట్టుకోండి.)

ఆ చలికాలంలో ఎర్రసిరా సార్ ఇచ్చిన ఒక ప్రశ్న నాకోసమే పుట్టినట్టుంది. మీరు జిల్లాలో కొత్త అధికారి. ఒక బాలికల వసతి గృహంలో వంటమనిషి రోజూ మిగిలిన అన్నం డబ్బాలో పెట్టుకుని ఇంటికి పట్టుకెళుతోందని ఫిర్యాదు వచ్చింది. నిబంధనల ప్రకారం అది తప్పు. ఆమె చాలా ఏళ్లుగా పనిచేస్తోంది. మీరేం చేస్తారు? ఏం చేస్తాను, పెన్ను తీసి వంటమనిషినైపోయాను. ‘మేడమ్ గారూ, నిజం చెబుతున్నాను’ అని మొదలుపెట్టాను. ‘పదకొండేళ్లుగా మీ పిల్లలకు వండిపెడుతున్నాను. రోజూ గిన్నెలో మిగిలిన అన్నం ఈ స్టీలు డబ్బాలో పెట్టుకుని, పచ్చ చున్నీలో దాచుకుని పోతున్నాను. అడగడానికి సిగ్గేసింది. పారేస్తే ఎవరూ చూడరు, పట్టుకెళితే అందరూ చూస్తారు’ అంటూ రెండు పేజీలు. ముందు చిత్తుగా రాసుకుని తర్వాత మంచి కాగితాల మీద ఎక్కించడం నా అలవాటు. చిత్తు కాగితం భోజనాల బల్ల మీద పచ్చడి సీసా కింద పెట్టి మర్చిపోయాను. ఆంటీ ఇంట్లో తెలుగు కాగితాన్ని పచ్చడి సీసా దగ్గర వదలడమంటే ఆమె చేతికిచ్చినట్టే.

ఇక్కడ ఇంకో సంగతి చెప్పాలి. ఆ ముందు వారమే దీదీకి గ్యాస్ కనెక్షన్ ఫారం నేను నింపిపెట్టాను. అది ఆంటీ చూసింది, మెచ్చుకుంది కూడా. అందుచేత ఆ కాగితం చదివిన ఆంటీకి ఒక్కటే తోచింది. దీదీ తన తప్పు ఒప్పుకోవాలనుకుంది, ఎదురుగా చెప్పలేక పైనున్న పిల్లచేత తెలుగులో రాయించి బల్లమీద పెట్టింది. ఆంటీ రెండుసార్లు చదివిందట, ఏడ్చిందట. ఆమెకు కోపం వచ్చి ఉంటే బాగుండేది. ఆమెకు జాలి కలిగింది.

ఆ సాయంత్రం నేను టీ కోసం కిందికి దిగేసరికి దీదీ చున్నీ సర్దుకుంటోంది. ఆంటీ ఒక పెద్ద డబ్బా నిండా అన్నం పెట్టి, పైన పప్పు పోసి, ఆమె చేతిలో పెట్టింది.

“దీదీ, ఇకనుంచి మిగిలిన అన్నం దాచుకుని తీసుకెళ్లక్కర్లేదు. రోజూ నేనే పెడతాను,” అంది ఆంటీ తన ముప్పై ఏళ్ల కాకినాడ హిందీలో, ఎంతో ప్రేమగా.

“ఏం దాచుకున్నాను?” అంది దీదీ.

“ఫరవాలేదు. నువ్వు రాయించినదంతా చదివాను. ఇన్నేళ్లూ నాతో ఒక్క మాట చెప్పకపోయావే అని బాధపడ్డాను, అంతే.”

దీదీ ఆంటీని చూసింది, ఆంటీ చేతిలో మడిచి ఉన్న కాగితాన్ని చూసింది. డబ్బాను గట్టుమీద పెట్టింది. చేతులు కడుక్కుంది. వంటింటి తువ్వాలు పిండి, దండెం మీద ఆరేసింది. తన స్టీలు డబ్బా తీసి మూత విప్పి, లోపల ఖాళీ అని ఆంటీకి కనిపించేలా ఒక్క క్షణం పట్టుకుని, మూత పెట్టుకుని వెళ్లిపోయింది. నేను గుమ్మంలో నిలబడి ఉన్నాను. అది నా కాగితమని నాకు ఆ క్షణంలోనే అర్థమైంది. సిగ్గు విడిచి చెబుతున్నాను, మొదట కలిగింది భయం కాదు. ఆంటీ ఏడ్చిందంటే బాగా రాశానన్నమాట అనుకున్నాను. భయం దాని వెనకాలే వచ్చింది.

మర్నాడు దీదీ రాలేదు. ఫోన్ చేస్తే ఎత్తలేదు. వంట ఆంటీయే మొదలుపెట్టింది. చెయ్యి తిరిగిన మనిషే కానీ, పదకొండేళ్లుగా కొలత మర్చిపోయింది. మొదటిరోజు గిన్నెడు అన్నం మిగిలింది. దాన్ని మర్నాడు పులిహోర చేసింది. పులిహోర ఉంది కదా అని ఎవరూ సరిగా తినక, ఆ రోజు వండిన అన్నమూ మిగిలింది. అది మూడోరోజు పులిహోర అయింది. ఫ్రిజ్ నిండా డబ్బాలు. టీవీ వార్తల్లోంచి ఎన్నడూ తల తిప్పని అంకుల్ ఆ రోజు కంచంలోకి చూసి, “ఇవాళేం పండగ?” అని అడిగారు. ఒక మనిషి పదకొండేళ్ల పని నా రెండు పేజీలతో పోయింది. నేనేమో నోరు మూసుకుని, ఆమె కోపం తగ్గితే తనే వస్తుందని నాకు నేను చెప్పుకుంటున్నాను.

సిద్దిపేట అక్క పైకి వచ్చాక తలుపు మూసింది.

“గా కాగితం నీదే గద?”

నేను పుస్తకం తీసి మొహానికి అడ్డం పెట్టుకున్నాను.

“అందరి తరఫున మాట్లాడతవ్ గదనే. నీ తరఫున ఒక్క మాట పోయి చెప్పరాదా? ఆమె ఇంట్ల పొయ్యి ఎట్ల నడుస్తుందో ఏమో.”

కిందికి దిగి ఆంటీకి చెప్పాను. ఆమె బియ్యం ఏరుతూ వింది. అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది.

“అంటే ఇదంతా కథంటావా?”

“కథ కాదాంటీ. పరీక్షకు జవాబు.”

“కలెక్టరు పరీక్షకి ఇలాంటివి రాయమంటారేవిటే?”

“వద్దంటారు. అందుకే మార్కులు రావట్లేదు.”

ఆంటీ చేట పక్కన పెట్టింది. నన్ను తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది. “నేనైనా దాన్ని ఒక్క మాట అడక్కుండా డబ్బా చేతిలో పెట్టేశానే తల్లీ,” అంది. కళ్లు తుడుచుకుని, చెప్పులేసుకుని, “పద,” అంది. ఏమైనా తీసుకెళదామా అని అడిగాను. మిఠాయి అనుకున్నాం, పళ్లనుకున్నాం. చివరికి తినేది ఏదీ వద్దనుకుని, ఆ కాగితం ఒక్కటే పట్టుకుని ఈ-రిక్షా ఎక్కాం.

దీదీ గది ఒక సందు చివర, మొదటి అంతస్తులో. ఎండ పడే చోట చాప వేసుకుని పచ్చి బఠాణీలు ఒలుస్తోంది. మమ్మల్ని చూసి లేవలేదు, పొమ్మనీ అనలేదు. చాప మీద కాస్త జరిగింది. ఆంటీ ఆమె పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుంది. తప్పైపోయిందని ఒకే ఒక్క వాక్యం అనగలిగింది. తప్పు ఆంటీది కాదు, నాదని నేను చెప్పాను. నాకొచ్చిన హిందీ అంతా కూడగట్టి, పరీక్ష సంగతి, కథల సంగతి, అటెండరు సంగతితో సహా చెప్పాను.

దీదీ అంతా వింది. “చదువు,” అంది.

(దీదీ మాటలన్నీ హిందీలోనే. నేను తెలుగులో రాస్తున్నాను. అడిగే రాస్తున్నాను, ఆ సంగతి చివర్లో చెబుతాను.)

నేను చదువుతూ, తెలిసిన మేరకు హిందీలోకి మారుస్తూ పోయాను. మధ్యలో మాటలు దొరక్కపోతే ఆంటీ అందించింది. మేడ మీద రాసినప్పుడు గొప్పగా అనిపించిన వాక్యాలు ఆ మనిషి ఎదురుగా ఒక్కొక్కటీ తేలిపోయాయి. ‘అడగడానికి సిగ్గేసింది’ అనే చోట నాకే సిగ్గేసింది. దీదీ బఠాణీలు ఒలవడం ఆపలేదు. రెండు పేజీలూ అయ్యాక తల ఎత్తింది.

“ఈమె వంటింట్లో రోజూ అన్నం మిగులుతుందా?”

“అవును, కథలో.”

“రోజూ?”

“రోజూ.”

“పదకొండేళ్లు వండి, ఇంకా కొలత రాలేదా? అలాంటిదాన్ని నేనైనా పనిలోంచి తీసేస్తాను.”

ఇన్నిరోజులూ దొంగ అన్నందుకు ఆమె వెళ్లిపోయిందనుకున్నాం. అది ఉంది, కాదనలేదు. కానీ అంతకంటే ముందు ఆమెను కోసిన మాట వేరే ఉంది. తన గిన్నెలో అన్నం మిగిలిందన్నారు.

“ఆ డబ్బా నాది. పొద్దున మా ఇంటి రొట్టెలు తెచ్చుకుంటాను, మధ్యాహ్నం తింటాను, సాయంత్రం ఖాళీది పట్టుకెళతాను. అన్నం నాకు పడదు, తింటే నిద్రొస్తుంది. నువ్వు ఎప్పుడైనా పొద్దున చూశావా?”

చూడలేదని తల ఊపాను.

“నువ్వు నా గురించి రెండు పేజీలు రాశావు కదా, ఇప్పుడు నీ గురించి నేను చెబుతాను, విను,” అంది. దోసిట్లో బఠాణీలు గిన్నెలో పోసి, గుప్పెడు మూసి చూపించింది. “నీకు ఒక గుప్పెడు. ఆదివారం పరీక్ష ఉంటుంది, ఆ ముందురోజు భయానికి ఎక్కువ తింటావు, గుప్పెడున్నర. మార్కులొచ్చిన రోజు అర గుప్పెడు. అవునా? నీ గదిలో ఉండే పిల్ల ఇంటికి ఫోన్ చేసి నవ్వితే ఒకటిన్నర, ఏడిస్తే పెరుగుతో మాత్రమే. మూడో గదిలో పొడుగు పిల్ల తిననని చెప్పి తర్వాత వచ్చి తింటుంది, దానికి లెక్కలో వేసి చెప్పకుండా ఉంచుతాను. దీదీకి,” (ఆంటీని కూడా ఆమె దీదీ అనే పిలిచేది) “శనివారం ఉపవాసం, సాబ్‌కి క్రికెట్ ఉంటే రెండు. మీరంతా కోచింగ్ నుంచి వచ్చాక మొహాలు చూసి బియ్యం పోస్తాను. ఇంక మిగిలేదేది?”

అర గుప్పెడు రోజులు ఎవరికీ తెలియవనుకునేదాన్ని. మార్కులొచ్చినప్పుడు గదిలో జోకులు వేసి, పడుకున్నాక దుప్పట్లో ఏడ్చేదాన్ని. నేను ఆమె మనసులో దూరి రెండు పేజీలు తప్పు రాశాను. ఆమె నా మొహం చూసి గుప్పెడు బియ్యంతో సరిగ్గా రాసింది. అక్కడే ఏడ్చేశాను. దీదీ నా వీపు మీద బఠాణీ వాసన చేత్తో రెండుసార్లు తట్టి, “చాలు, పిచ్చిపిల్లా,” అంది.

అప్పుడు ఆంటీ మెల్లగా అంది, “మూడురోజుల్నుంచి మిగులుతోంది దీదీ.”

దీదీ మొహంలో మొదటిసారి వెలుగు కనిపించింది. “ఎంత?”

“రోజూ గిన్నెడు. ఈయన పులిహోర తినలేక పండగేమిటని అడిగారు.”

దీదీ నవ్వింది. చున్నీ అడ్డం పెట్టుకుని చాలాసేపు నవ్వింది. మర్నాడు తొమ్మిదికి వచ్చింది. నేను కోచింగ్ మానేసి గుమ్మంలో నిలబడి, ఆమె చంకలో బరువుగా ఉన్న స్టీలు డబ్బాను మొదటిసారి చూశాను. ఆమె నన్నొకసారి పరీక్షగా చూసి లోపలికి పోయి బియ్యం పోసింది.

తర్వాతి ఆదివారం ఎర్రసిరా సార్ దగ్గర ఆ జవాబు మళ్లీ రాశాను. ఈసారి కుర్చీలో కూర్చునే రాశాను. ‘ముందుగా నేను వంటగదికి వెళ్లి, ఆమె డబ్బా గురించి ఆమెనే అడుగుతాను. పొద్దున కూడా ఒకసారి వెళ్లి చూస్తాను’ అని మొదటి వాక్యం. సార్ దాని కింద ఎర్రగా గీత గీసి, ‘కుర్చీ దొరికినందుకు సంతోషం’ అని రాశారు. మార్కులు పెరిగాయి. అయినా సివిల్స్ రాలేదు. రెండుసార్లు రాశాను, రెండుసార్లూ రాలేదు. సిద్దిపేట అక్కకు వచ్చింది. ఇప్పటికీ ఫోన్ చేసినప్పుడల్లా, “అటెండరును మంచిగ చూసుకుంటున్న, దిగులు పడకు,” అంటుంది.

ఇప్పుడు నేను నోయిడాలో ఒక కంపెనీలో మేనేజర్లకు శిక్షణ పాఠాలు తయారుచేస్తాను. నమ్ముతారో లేదో, ఆ పాఠాలు కూడా ‘మీరు’ అని మొదలయ్యే కథలే. ఒక్కో కథ రాసే ముందు అందులో మూల నిలబడ్డ మనిషి లాంటివాళ్లను వెతికి పట్టుకుని, వాళ్లతో టీ తాగి, అడిగి రాస్తాను. మా బాసుకు ఇది సాగదీత అనిపిస్తుంది. అప్పటి నన్ను, మేడమీద నిలబడి ఖాళీ డబ్బాలో కథలు నింపిన ఆ పిల్లను తలుచుకుంటే, తిట్టబుద్ధి కాదు. దానికి జనం మీద ప్రేమ ఉండేది. అడిగే ఓపికే లేదు.

ఇది రాయబోయే ముందు ఢిల్లీ ద్వారకలోని మా ఫ్లాట్ నుంచి దీదీకి ఫోన్ చేశాను. ఆమె ఇప్పటికీ ఆంటీ ఇంట్లోనే ఉంది.

“ఆ కాగితం సంగతంతా రాయాలనుకుంటున్నాను దీదీ. ఠీక్ హై?”

“రాసుకో. అన్నం మిగిలిందని మాత్రం రాయకు.”

“రాయను. ఆంటీ వండిన మూడురోజులు తప్ప.”

“అవి రాయి,” అంది వెంటనే. తర్వాత అడిగింది, “ఇవాళ నువ్వెంత పోశావు?”

“రెండు గుప్పిళ్లు.”

“ఎవరెవరు తింటారు?”

“నేనొక్కదాన్నే.”

ఆ మాట మామూలుగానే అన్నాననుకున్నాను. “గొంతు బాగాలేదు. ఒకటిన్నరే తింటావు,” అంది దీదీ.

అప్పటికే పొయ్యిమీద అన్నం ఉడికిపోతోంది. భోజనం చేశాక గిన్నెలోకి చూశాను. అర గుప్పెడు మిగిలింది.